పురుగుల మందు తాగిన మనిషికి వెంటిలేటర్ పడుతుందా? ముందే పసిగట్టే పద్ధతి

పత్తికి, వరికి, మిరపకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన మనిషి ఊపిరి మూడు దారుల్లో ఆగిపోతుంది. ఒకటి, మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మొద్దుబారడం. రెండు, ఊపిరితిత్తుల్లో స్రావాలు ఊరి, గాలి గొట్టాలు బిగుసుకుని, మనిషి తన నీళ్లలో తానే మునిగిపోవడం. మూడు, నరం చెప్పింది కండరానికి అందకపోవడం: మెడ, భుజాలు, డయాఫ్రం (ఊపిరి పీల్చే ప్రధాన కండరం) చచ్చుబడిపోతాయి. మొదటి రెండూ ఎక్కువగా తొలి గంటల్లోనే వస్తాయి. మూడోది మాత్రం మనిషి కోలుకున్నాడని అందరూ అనుకుంటున్నప్పుడు, సాధారణంగా 24 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. దీన్నే ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు.

ఈ విషానికి ఇచ్చే విరుగుడు సూది అట్రోపిన్ రెండో దారిని బాగా మూస్తుంది, మొదటిదాన్ని కొంత అదుపు చేస్తుంది. మూడోదాన్ని అసలు తాకదు. కాబట్టి ఛాతీ పొడిగా ఉంది, నాడి 100 ఉంది, కంటిపాప పెద్దదైంది అన్నంత మాత్రాన ఊపిరి భద్రంగా ఉన్నట్టు కాదు.

ఇక్కడ రాసేది దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, నారాయణపేట వంటి చోట్ల డ్యూటీలో ఉండే డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో వెంటిలేటర్ అంటే పక్క వార్డు సంగతి. మన్ననూరు నుంచి బయల్దేరిన అంబులెన్సులో అయితే అది గంటల సంగతి. ఊపిరి గొట్టంలోకి ట్యూబు ఇక్కడే వేసి పంపాలా, ఊరికే పంపొచ్చా, పంపకుండా ఇక్కడే చూసుకోవచ్చా అన్న తీర్మానం అంబులెన్సు తలుపు మూయకముందే అయిపోవాలి.

ముందు డబ్బా

"ఏ మందు తాగిండు? డబ్బా తెచ్చిండ్రా?" అని అడగడం అందరికీ అలవాటే. అడిగాక కంపెనీ పేరు దగ్గర ఆగిపోవడం కూడా అలవాటే. కావాల్సింది లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు. డబ్బా దొరక్కపోతే ఇంటి దగ్గరున్న వాళ్లతో ఫోటో తీయించి వాట్సాప్‌లో తెప్పించండి. లేదా మందు కొన్న ఫర్టిలైజర్ షాపుకు ఫోన్ చేయించండి, బిల్లు బుక్కులో ఉంటుంది. లేబుల్ మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలు విషతీవ్రతను చెప్తాయి తప్ప మందు జాతిని చెప్పవు. త్రిభుజం రంగు చూసి అట్రోపిన్ మొదలుపెట్టకూడదు.

జాతి ఎందుకంటే ఊపిరి లెక్క దాన్నిబట్టి మారుతుంది. కార్బమేట్ అయితే లక్షణాలు ఆర్గానోఫాస్ఫేట్‌లాగే ఉంటాయి, కాని మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. క్లోర్‌పైరిఫాస్ వంటిది కొవ్వులో కరుగుతుంది, పైగా ఒంట్లో మార్పు చెందాకే పూర్తిగా పనిచేస్తుంది. అందుకే మొదటి రోజు నిమ్మళంగా కనిపించిన మనిషి తర్వాత మళ్లీ జారవచ్చు. పత్తి చేలల్లో ఎక్కువగా కనిపించే మిశ్రమాలు, ప్రొఫెనోఫాస్‌తో సైపర్‌మెత్రిన్, క్లోర్‌పైరిఫాస్‌తో సైపర్‌మెత్రిన్, వీటిని ఆర్గానోఫాస్ఫేట్‌గానే లెక్కగట్టాలి. ఫిట్స్ వచ్చే అవకాశం అదనం.

పాలమూరు వైపు గొర్రెల మందలు ఎక్కువ. గోమార్లకు, పిడుదులకు వాడే అమిట్రాజ్ ఇంట్లో ఉంటుంది. అది తాగిన మనిషికీ కంటిపాప చిన్నదవుతుంది, నాడి నెమ్మదిస్తుంది, మత్తుగా పడి ఉంటాడు. కాని నోట్లో నురగ ఉండదు, చెమట ఉండదు, కండరాలు అదరవు, షుగర్ ఎక్కువ చూపిస్తుంది. దీనికి అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కించి ఏమీ సాధించలేం. ఊపిరి కాపాడుకుంటూ కూర్చుంటే చాలామంది ఒకటి రెండు రోజుల్లో లేస్తారు.

గడ్డిమందు పారాక్వాట్ అయితే ఈ వ్యాసంలోని లెక్కలేవీ వర్తించవు. అక్కడ ఆక్సిజనే ఊపిరితిత్తులను ఇంకా కాలుస్తుంది. ఆక్సిజన్ శాతం 90 కంటే బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. అందుకే "గడ్డిమందా, పురుగుల మందా?" అన్న ప్రశ్న మాస్కు చేతిలోకి తీసుకునే ముందే అడగాలి.

మొదటి పది నిమిషాలు

గ్లౌజులు వేసుకుని బట్టలు తీసేయించి, ఒళ్లు, జుట్టు సబ్బుతో కడిగించడం, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, సక్షన్, ఆక్సిజన్ అందరికీ తెలిసినవే. కడుపు కడగడం మాత్రం గంటలోపు వచ్చి, స్పృహలో ఉండి సహకరించే మనిషికి, లేదంటే ట్యూబు వేసిన మనిషికే. మత్తులో ఉన్నవాడికి గొట్టం దింపి కడిగితే మందులోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటిలేటర్ అవసరం లేని మనిషికి ఆ అవసరాన్ని మన చేతులతో మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది. ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రాయడం, పోలీసులకు తెలపడం ఆ తర్వాతి పని.

అట్రోపిన్ సూది గుచ్చక ముందు ఒక్క నిమిషం ఆగి పెరడేనియా స్కోరు రాయండి. శ్రీలంకలో తయారైన ఈ కొలతకు యంత్రం ఏమీ అక్కర్లేదు, టార్చి, గడియారం చాలు.

కంటిపాప 2 మి.మీ. కంటే పెద్దగా ఉంటే 0, చిన్నగా ఉంటే 1, సూదిమొనలా ఉంటే 2.
శ్వాస నిమిషానికి 20 లోపు 0, 20 దాటితే 1, 20 దాటి పెదవులు, నాలుక నీలంగా ఉంటే 2.
నాడి 60 పైన 0, 41 నుంచి 60 మధ్య 1, 40 అంతకంటే తక్కువైతే 2.
కండరాల అదురు లేకపోతే 0, ఒళ్లంతా గాని ఆగకుండా గాని ఉంటే 1, ఒళ్లంతా ఆగకుండా ఉంటే 2.
స్పృహ బాగుంటే 0, పిలిస్తే తడబడుతూ స్పందిస్తే 1, పిలిచినా పలక్కపోతే 2.
ఫిట్స్ వస్తే 1.

మొత్తం 11. 0 నుంచి 3 తేలిక, 4 నుంచి 7 మధ్యస్థం, 8 నుంచి 11 తీవ్రం. 8 గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చిన మనిషికి వెంటిలేటర్ పడుతుందనే అనుకుని ఏర్పాట్లు మొదలుపెట్టాలి. 4 నుంచి 7 మధ్య ఉన్నవాళ్లే అసలు చిక్కు, వాళ్ల దగ్గరే మనిషి కూర్చోవాలి. 3 లోపు వచ్చిందంటే తొలి గంటలు కొంత నయమని మాత్రమే అర్థం. మూడో రోజు మెడ వాలదని ఆ అంకె హామీ ఇవ్వదు.

పీహెచ్‌సీలో అప్పటికే అట్రోపిన్ ఇచ్చి పంపితే కంటిపాప, నాడి రెండూ మారిపోయి ఉంటాయి, స్కోరు ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. అందుకే పంపే వాళ్లు రెఫరల్ చీటీ మీద అట్రోపిన్‌కు ముందు చూసిన అంకెలు రాయాలి. అవి లేకపోతే స్పృహను నమ్ముకోండి. జీసీఎస్ (స్పృహను 3 నుంచి 15 దాకా కొలిచే స్కోరు) 13 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే ప్రమాదం ఎక్కువ. తాగుడు కూడా తోడై ఉంటే జీసీఎస్ ఆ మత్తువల్ల తగ్గిందా, విషంవల్లనా అని వాదించుకోకండి. తక్కువ ఉంది కాబట్టి తక్కువగానే లెక్కపెట్టండి.

అట్రోపిన్ సరిపోయాకే అంచనా

తడి ఊపిరితిత్తులతో ఉన్న మనిషికి వెంటిలేటర్ కావాలా అని చూడటంలో అర్థం లేదు. ముందు ఆరబెట్టాలి. మన దగ్గర ఆంప్యూల్ 1 మి.లీ.లో 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు 3 ఆంప్యూళ్లు, అంటే 1.8 మి.గ్రా.తో మొదలుపెట్టి, 5 నిమిషాలకు చూసి, మెరుగు లేకపోతే రెట్టింపు చేస్తూ పోవాలి: 3, 6, 12, 24. నాలుగు మోతాదులకే 45 ఆంప్యూళ్లు, 27 మి.గ్రా. అయిపోతాయి. ఇక్కడే పని చెడుతుంది. ఒక్క సిస్టరు 24 ఆంప్యూళ్లు పగలగొట్టి సిరంజిలోకి లాగేసరికి ఐదు నిమిషాలు పదిహేనవుతాయి. మొదటి మోతాదు ఇస్తుండగానే ఇంకొకరు తర్వాతి రెండు మోతాదులు 20 మి.లీ. సిరంజిల్లో సిద్ధం చేయాలి.

గురి ఐదు చోట్ల చూడాలి: ఛాతీలో గురగుర పోవాలి, నాడి 80 పైన, పై బీపీ 80 పైన, చంకలు పొడిగా, కంటిపాప సూదిమొనలా కాకుండా ఉండాలి. ఛాతీ అన్నిటికంటే ముఖ్యం. ఒక పక్క కింది భాగంలోనే గురగుర మిగిలితే అది వాంతి లోపలికి పోయి వచ్చింది కావచ్చు, అట్రోపిన్‌తో పోదు. గురి చేరాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకు చొప్పున డ్రిప్. 27 మి.గ్రా. పట్టిన మనిషికి గంటకు 2.7 నుంచి 5.4 మి.గ్రా. అన్నమాట.

ఎంత అట్రోపిన్ పట్టిందన్నదీ ఒక సూచనే. 3 ఆంప్యూళ్లకే ఆరిన మనిషీ, 45 పట్టిన మనిషీ ఒకటి కాదు.

ఎక్కువైతే ఒళ్లు కాలుతుంది, పేగుల చప్పుడు ఆగుతుంది, మూత్రం బిగుస్తుంది, మనిషి గాల్లో ఏదో పట్టుకుంటూ కలవరిస్తాడు. ఒళ్లు కాలడం, పేగుల చప్పుడు ఆగడం, కలవరించడం, ఈ మూడు గుర్తులు కలిస్తే డ్రిప్ ఆపి, తగ్గాక తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను లేని వార్డులో అట్రోపిన్ మీదున్న మనిషికి చెమట పట్టదు, జ్వరం 104 దాటడానికి ఎక్కువసేపు పట్టదు. మంచం ఫ్యాను కిందికి జరపండి, తడిగుడ్డ వేయండి.

రెండో విరుగుడు ప్రాలిడాక్సిమ్ మీద పరిశోధనల ఫలితాలు ఒక్క మాట మీద లేవు. ఇచ్చే చోట కిలోకు 30 మి.గ్రా. 20 నుంచి 30 నిమిషాల్లో నెమ్మదిగా, తర్వాత గంటకు కిలోకు 8 మి.గ్రా. ఇస్తారు. ఇచ్చాం కదా అని మెడ చూడటం మానేయకూడదు.

మెడ చెప్పేది

మూడో దారి మొదట మెడలో కనిపిస్తుంది. తలను ముందుకు లేపే కండరాలు డయాఫ్రం కంటే ముందు సడలుతాయి. పరీక్ష తేలిక: వెల్లకిలా పడుకోబెట్టి, దిండు తీసేసి, "అన్నా, తల లేపి నీ పొట్ట దిక్కు చూడు, అట్లనే పట్టుకో" అనండి. 5 సెకన్లు లెక్కపెట్టండి. పట్టుకుంటే నుదురు మీద రెండు వేళ్లు పెట్టి కొద్దిగా కిందికి నొక్కండి.

నొక్కినా నిలబెడితే మంచిది. నొక్కగానే పడిపోతే ఇక గంటగంటకూ చూడాలి. లేపి 5 సెకన్లు పట్టలేకపోతే ఐసీయూ సిద్ధం చేయాలి. అసలు లేపలేకపోతే, తోడుగా భుజాలు లేవకపోవడం, రెప్పలు వాలడం, రెండుగా కనిపించడం, మాట ముక్కులోంచి రావడం, నీళ్లు తాగితే పొలమారడం వీటిలో ఏది కనిపించినా ట్యూబు వేసే మనిషి, సామాను మంచం పక్కనే ఉండాలి. మెడ ఒక్కటే సడలి ఊపిరి బాగున్న వాళ్లూ ఉంటారు, వాళ్లలో కొందరు అక్కడితోనే ఆగి కోలుకుంటారు. కాబట్టి మెడ వాలగానే ట్యూబు కాదు. మెడ వాలితే రెండో పరీక్ష.

రెండోది ఒకే దమ్ములో లెక్క. నిండా గాలి పీల్చుకుని, కబడ్డీ కూత లెక్క మధ్యలో దమ్ము తీయకుండా, సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చెప్పమనాలి. వేగం మీ గడియారం చూసి వేలితో చూపించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 25, 30 దాకా పోతారు. 20 లోపు వస్తే జాగ్రత్త పడాలి. 15 కంటే తక్కువకు పడిందంటే, లేదా పొద్దున 24 చెప్పినవాడు సాయంత్రం 14 దగ్గర ఆగాడంటే, ఊపిరి కండరాలు అలసిపోతున్నట్టే. ఒక్కసారి వచ్చిన అంకె కంటే పడిపోతున్న తీరు ముఖ్యం. లెక్క రాని అవ్వ, తాత అయితే "ఆ..." అని సాగదీయమని సెకన్లు రాసుకోండి. మనిషి మనిషికీ పోల్చకండి, అదే మనిషిని ముందటి అంకెతో పోల్చండి. ఆస్తమా, పాత టీబీ ఉన్నవాళ్లకు మొదటి నుంచే తక్కువ ఉంటుంది. నోరు పిడచకట్టి ఉంటే ముందు తడిపించి మరీ చెప్పించండి, అట్రోపిన్ వల్ల నాలుక అంటుకుపోయి మాట రాక అంకె తగ్గుతుంది.

మూడో పని చూపుతోనే. చొక్కా తీసి పొట్ట చూడండి. గాలి పీల్చినప్పుడు ఛాతీ లేచి పొట్ట లోపలికి పోతుంటే డయాఫ్రం పని మానేసినట్టు. దగ్గమనండి, దగ్గులో ఊపు లేకపోతే తెమడ బయటికి రాదు.

గురి చేరేదాకా 5 నిమిషాలకోసారి, చేరాక మొదట్లో 15 నిమిషాలకు, తర్వాత మొదటి రోజంతా గంటకోసారి, ఆపైన 96 గంటలదాకా రెండేసి గంటలకు మెడ, దమ్ము లెక్క, శ్వాస వేగం ఒకే కాగితం మీద రాయండి. రాత్రి కూడా. "ఇప్పుడే నిద్రపట్టింది సిస్టరమ్మా, లేపకుండ్రి" అని ఇంటివాళ్లు బతిమాలతారు. లేపాలి. నిద్రపోతున్న మనిషికీ, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారుతున్న మనిషికీ తేడా లేపితేనే తెలుస్తుంది.

మోసం చేసేవి

పల్స్ ఆక్సీమీటర్ మొదటిది. కండరాలు సడలినప్పుడు ముందు కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఆక్సిజన్ మాస్కు మీదున్న మనిషికి మీటరు 97 చూపిస్తూనే ఉంటుంది, అది 88కి పడేసరికి మనకు మిగిలేది నిమిషాలే. ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) ఉన్న చోట కార్బన్ డయాక్సైడ్ 45 దాటి పెరుగుతూ పోవడమే ముందస్తు సంకేతం. లేని చోట మెడ, దమ్ము లెక్కే ఏబీజీ.

ఈ విషం అణిచే ఎంజైమును రక్తంలో కొలిచే సూడోకోలినెస్టరేస్ పరీక్ష రెండోది. తక్కువ వస్తే విషం ఎక్కిందని చెప్తుంది, ఊపిరి ఎప్పుడు ఆగుతుందో చెప్పదు. ఒక్కో రసాయనం ఈ ఎంజైమును ఒక్కో తీరుగా అణుస్తుంది, కాలేయ జబ్బు, గర్భం, పోషకాహార లోపం ఉన్నా తక్కువే వస్తుంది. ల్యాబు ల్యాబుకూ మామూలు అంకెలు వేరు. రోజూ అదే ల్యాబులో చేయిస్తే పెరుగుతున్న తీరు పనికొస్తుంది. ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగడం, షుగర్ పెరగడం కూడా తీవ్రతకు గుర్తులే, కాని వాటి మీదే తీర్మానాలు చేయలేం.

మూడోది ఈ ప్రాంతానిది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ కలపడం ఈ జిల్లాలకు కొత్త కాదు. రోజూ ఆ కల్లు తాగే మనిషి ఆస్పత్రిలో పడగానే కల్లు ఆగుతుంది. రెండో రోజో మూడో రోజో వణుకు, అరుపులు, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలవుతాయి. సరిగ్గా అట్రోపిన్ ఎక్కువైన గుర్తులు, ఊపిరి అందని కలవరం, ఇదీ ఒకే సమయంలో వచ్చి కలగాపులగమవుతాయి. వచ్చినప్పుడే "రోజూ కల్లు తాగుతడా? ఏ దుకాణంల? ఎన్ని సీసలు?" అని అడిగి రాసుకోండి. కలవరిస్తున్న మనిషికి మత్తుసూది ఇచ్చే ముందు ఆక్సిజన్ శాతం, మెడ, జ్వరం, పేగుల చప్పుడు చూడకుండా ఇవ్వకండి. ఊపిరి అందక గింజుకుంటున్నవాడిని మత్తులోకి పంపితే మళ్లీ లేవడు.

ట్యూబు ఎప్పుడు, ప్రయాణం ఎట్లా

జీసీఎస్ 8 గాని అంతకంటే తక్కువ, శ్వాస నిమిషానికి 10 లోపు, ఊపిరి ఆగిపోవడం, అట్రోపిన్ గురి చేరినా ఆక్సిజన్ మీద 90 నిలవకపోవడం, డైజెపామ్‌కు లొంగని ఫిట్స్, సొంత ఉమ్మి మింగలేకపోవడం: వీటిలో ఒక్కటున్నా ఆలోచన అక్కర్లేదు, ట్యూబే. తల లేపలేక, దమ్ము లెక్క 15 లోపుకు పడి, పొట్ట లోపలికి పీల్చుకుంటున్న మనిషికీ అంతే, మీటరు ఎంత చూపించినా సరే.

సక్సినైల్‌కోలిన్ వాడొద్దు. ట్యూబు వేసేముందు కండరాలు సడలించడానికి వాడే ఈ మందును విరగ్గొట్టే ఎంజైమునే విషం అణిచేసింది కాబట్టి నిమిషాల్లో పోవాల్సిన పక్షవాతం గంటల తరబడి ఉంటుంది. దాని బదులు రోక్యురోనియం కిలోకు 1.2 మి.గ్రా.; 60 కిలోల మనిషికి 72 మి.గ్రా. వయల్ 50 మి.గ్రా.ది అయితే రెండు దగ్గర ఉండాలి.

పంపేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న "ఇప్పుడు ఎట్లున్నాడు" కాదు, "దారి పొడవునా ఇట్లనే ఉంటాడా" అన్నది. మధ్యస్థం స్కోరుతో, మత్తు పెరుగుతున్న మనిషిని గంటన్నర దారి పంపాలంటే ట్యూబు వేసి పంపడమే మేలు. కదిలే బండిలో, వంగిన మెడతో, నురగ నిండిన నోట్లో ట్యూబు వేయడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టం. ట్యూబు వేసే చేయి మీ దగ్గర లేకపోతే వీలైనంత త్వరగా, దారిలో ఆ పని చేయగల దగ్గరి ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి పంపండి. హైదరాబాద్ పేరు చెప్పి నల్లగొండనో మహబూబ్‌నగర్‌నో దాటిపోవాల్సిన పని చాలాసార్లు ఉండదు.

ఆక్సిజన్ లెక్క చేతి మీద వేసుకోండి. నిండు బీ టైప్ సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లయితే 150 నిమిషాలు. గేజీ సగం చూపిస్తే 75 నిమిషాలే, ట్రాఫిక్‌లో ఆగితే చాలదు. పైన చెప్పిన 27 మి.గ్రా. మనిషికి రెండు గంటల దారికి డ్రిప్‌లో పోయేదే 9 నుంచి 18 ఆంప్యూళ్లు, మళ్లీ తడిస్తే ఇవ్వడానికి ఇంకో 20 విడిగా పెట్టండి. అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), సరైన సైజు మాస్కు, చేత్తోనో కాలితోనో నడిచే సక్షన్, డైజెపామ్. బండి కదలక ముందు అంబూ బ్యాగు ఒకసారి నొక్కి చూడండి, వాల్వు అతుక్కుపోయి ఉండటం అరుదేమీ కాదు. విషం గురించి సందేహం ఉంటే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ 1800 116 117.

ఇంటివాళ్లకు మొదటి రోజే చెప్పాలి: "ఇయ్యాల మంచిగనే మాట్లాడుతుండు. రేపో ఎల్లుండో మెడ నిలబడక మిషన్ మీద పెట్టాల్సి రావచ్చు. మందు పనిచేయక కాదు, ఈ విషం తీరే అంత." చెప్పకపోతే మూడో రోజు రాత్రి వార్డులో గొడవవుతుంది, ఆ గొడవలో ట్యూబు ఆలస్యమవుతుంది.

మిషన్ తీసేటప్పుడు

ఇంటర్మీడియట్ సిండ్రోమ్‌లో మిషన్ ఒకటి నుంచి మూడు వారాలు కూడా పట్టొచ్చు. కాళ్లు చేతులు ఆడిస్తున్నాడని ట్యూబు తీయకండి, చివర్లో కోలుకునేది మెడే. తల లేపి 5 సెకన్లు పట్టుకోగలగాలి, దగ్గులో ఊపు ఉండాలి, అప్పుడే తీయాలి. తీశాక ఇంకో 24 నుంచి 48 గంటలు అదే చార్టు.

ట్యూబు అవసరం పడని మనిషిని కూడా 96 గంటలు దాటకముందు, అట్రోపిన్ ఆపి కనీసం ఒక రోజు గడవకముందు ఇంటికి పంపొద్దు. కావాలని తాగిన మనిషైతే వార్డులో ఒంటరిగా ఉంచకుండా, సైకియాట్రీ డాక్టరు చూశాకే పంపండి. ఇంటికి పోయాక రాత్రిపూట మాట్లాడే మనిషి కావాలంటే టెలీమానస్ 14416కు తెలుగులోనే చేయొచ్చని ఇంటివాళ్ల ఫోన్లో నంబరు సేవ్ చేయించండి. రెండు మూడు వారాలకు పిక్కల్లో నొప్పి, అరికాళ్లలో తిమ్మిరి, నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోవడం మొదలైతే ఓపీకి తీసుకురమ్మనండి. అది నరాలకు ఆలస్యంగా వచ్చే దెబ్బ. దానికి వెంటిలేటర్ పడదు, ఫిజియోథెరపీ పడుతుంది.